నూరేళ్ల వరద గీత: అమెరికా గ్రామీణ కౌంటీలో వరద ముప్పు, వరద బీమా - వాల్‌మేయర్ గ్రామ చరిత్ర

వ్యాససంగ్రహం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వరద బీమా ప్రధానంగా ప్రభుత్వ పథకం. 1968లో చట్టరూపం దాల్చిన ఈ పథకం వరద ముప్పును పటం మీది గీతగా మార్చింది. గీతకు లోపలివారికి ఒక నియమాన్ని, వెలుపలివారికి మరొక నియమాన్ని ఏర్పరిచింది. ఇల్లినాయ్ రాష్ట్రంలోని మన్రో కౌంటీకి చెందిన వాల్‌మేయర్ గ్రామం 1993 నాటి మిసిసిపి వరదలో మునిగి, ఆ తరువాత మెరక ప్రాంతానికి తరలిపోయింది. గ్రామీణ ప్రజల అనుభవంలోని వరదకు, బీమా పటంలోని వరదకు మధ్య ఉన్న దూరాన్ని ఆ గ్రామ చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: వరద బీమా, మిసిసిపి, కరకట్ట, నూరేళ్ల వరద, వాల్‌మేయర్, పునరావాసం.

1. ఉపోద్ఘాతం

1968 ఆగస్టు 1న అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి చట్టంపై సంతకం చేశాడు. ఆ సుదీర్ఘ శాసనంలోని పదమూడవ భాగమే జాతీయ వరద బీమా చట్టం. సరిగ్గా పాతికేళ్లకు, 1993 ఆగస్టు 1న, మిసిసిపి నది సెయింట్ లూయిస్ నగరం వద్ద తన చరిత్రలోనే అత్యధిక మట్టమైన 49.58 అడుగులకు చేరింది. అదే రోజు నగరానికి దిగువన, ఇల్లినాయ్ ఒడ్డున ఉన్న కొలంబియా పట్టణ సమీపంలో కరకట్టకు గండి పడింది. ఆ గండి నుంచి వచ్చిన నీరు దక్షిణంగా ప్రవహించి వాల్‌మేయర్ అనే చిన్న గ్రామాన్ని ముంచింది. తేదీలు కలవడం యాదృచ్ఛికమే. దాని ఆధారంగా ఏ సిద్ధాంతాన్నీ నిర్మించడానికి వీలులేదు. అయినా, వరదను లెక్కలోకి తెచ్చి ధర కట్టవచ్చునని ఒక ప్రభుత్వం నమ్మిన రోజు, ఆ లెక్క ఒక పల్లెలో తప్పిన రోజు ఒకే తేదీన రావడం చరిత్ర విద్యార్థి దృష్టిని ఆకర్షించక మానదు.

వాల్‌మేయర్ గురించి పాత్రికేయులు, పర్యావరణవేత్తలు విస్తారంగా రాశారు. వారిలో అధికులు దానిని ఊరు మొత్తం కొండెక్కిన విజయగాథగానే చూశారు. ఆ దృష్టి అసత్యం కాదు, అసంపూర్ణం. తొమ్మిది వందల జనాభా ఉన్న ఒక పల్లె తన స్థలాన్ని వదులుకోవలసి రావడం వెనుక నది ఎంత ఉందో, నదిని గురించి ప్రభుత్వం చేసిన నిబంధనలు కూడా దాదాపు అంతే ఉన్నాయి. ఈ రెండవ అంశానికి తగిన ప్రాధాన్యం దక్కలేదు.

2. పల్లం, మెరక, గట్టు

సెయింట్ లూయిస్‌కు ఎదురుగా, మిసిసిపి తూర్పు ఒడ్డున, నదికీ సున్నపురాతి కొండచరియలకూ నడుమ పొడవుగా సాగే ఒండ్రునేలను అమెరికన్ బాటమ్ అంటారు. తెలుగులో దానిని ఏటిపల్లం అనవచ్చు. నేల అత్యంత సారవంతమైనది. మన్రో కౌంటీలో వ్యవసాయ కుటుంబాలు అధికభాగం జర్మన్ మూలాలు కలవి. వాల్‌మేయర్ గ్రామం 1909లో ఈ పల్లపు నేలలోనే ఏర్పడింది. కౌంటీ కేంద్రమైన వాటర్లూ మాత్రం మెరక మీద ఉంది.

ఈ పల్లానికి నదిని గురించిన జ్ఞాపకం తక్కువేమీ కాదు. 1844లో సెయింట్ లూయిస్ వద్ద మట్టం 41 అడుగులు దాటింది. 1881లో నది తన గమనాన్నే మార్చుకొని, పొరుగున ఉన్న రాండాల్ఫ్ కౌంటీలోని కస్కాస్కియా పట్టణాన్ని ఇల్లినాయ్ నేల నుంచి వేరుచేసింది. 1818లో రాష్ట్రం ఏర్పడినప్పుడు దానికి మొదటి రాజధాని ఆ పట్టణమే. ఒక రాష్ట్రం తన తొలి రాజధానినే నదికి అప్పగించిన ప్రాంతంలో ప్రజలకు వరద తెలియదనడం సరికాదు. వాల్‌మేయర్ సైతం 1940ల దశకంలో 1943, 1944, 1947 సంవత్సరాలలో మునిగింది.

ఆ తరువాత సైనిక ఇంజనీర్ల విభాగం కరకట్టలను ఎత్తుచేసింది. 1947 నుంచి 1993 వరకు, అంటే నలభై ఆరేళ్లపాటు, ఊళ్లోకి నది రాలేదు. 1973లో సెయింట్ లూయిస్ వద్ద నది 43 అడుగులు దాటి కొత్త రికార్డు నెలకొల్పినప్పుడు కూడా గట్టు నిలిచింది. ఒక తరం పుట్టి, పెరిగి, తన పిల్లలకు పెళ్లిళ్లు చేసినంత కాలమది. గట్టు నిలిచిన ప్రతి ఏడాదీ గట్టు మీది నమ్మకాన్ని పెంచింది, ఆ నమ్మకం గట్టు వెనుక మరికొన్ని ఇళ్లను పెంచింది. గట్టు చిన్న వరదలను ఆపుతుంది, పెద్ద వరదలో పోయే ఆస్తిని పోగుచేస్తుంది. భూగోళ శాస్త్రవేత్త గిల్బర్ట్ వైట్ చికాగో విశ్వవిద్యాలయంలో చేసి 1945లో ప్రచురించిన పరిశోధన ఈ విషయాన్నే చర్చించింది. గట్లూ ఆనకట్టలూ మాత్రమే వరదకు సమాధానం కాదనీ, నేల వినియోగం, హెచ్చరికలు, బీమా, అవసరమైతే స్థలమార్పు కూడా పరిగణించాలనీ ఆయన వాదించాడు. 1936 వరద నియంత్రణ చట్టం ద్వారా దేశమంతటా గట్లు లేస్తున్న కాలంలో ఈ వాదన వినేవారు కొద్దిమందే.

3. బీమా సంస్థలు వెనుదిరిగిన చోట

బీమా వ్యాపారానికి వరద మొదటినుంచీ లొంగని వస్తువు. ఊళ్లో ఒక ఇల్లు కాలితే మిగిలిన వంద ఇళ్లవారు కట్టిన ప్రీమియంతో ఆ ఇంటిని నిలబెట్టవచ్చు. వరద వస్తే వంద ఇళ్లూ ఒక్కరోజునే మునుగుతాయి. పైగా పల్లంలో ఉన్నవాడు పాలసీ కొంటాడు, మెరక మీద ఉన్నవాడు కొనడు. కొనేవారందరూ మునిగేవారే అయినప్పుడు నష్టాన్ని పంచుకోవడానికి ఎవరూ మిగలరు. 1927లో మిసిసిపి దిగువ లోయను ముంచెత్తిన మహావరద తరువాత ప్రైవేటు సంస్థలు ఇళ్లకు వరద బీమా ఇవ్వడాన్ని దాదాపు మానుకున్నాయి. నేటికీ అమెరికాలో సాధారణ గృహబీమా పాలసీ వరద నష్టాన్ని మినహాయిస్తుంది. పైకప్పు నుంచి కారిన వాన నీటికి పరిహారం దక్కవచ్చును గాని, నేల మీదుగా ఇంట్లోకి వచ్చిన నీటికి దక్కదు. ఈ తేడాను నీరు వచ్చిన తరువాతనే గ్రహించిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

1955లో ఈశాన్య రాష్ట్రాలను రెండు తుపానులు ముంచిన తరువాత 1956లో వరద బీమాకు ఒక చట్టం వచ్చింది. కాంగ్రెస్ నిధులు ఇవ్వకపోవడంతో అది కాగితానికే పరిమితమైంది. 1965 సెప్టెంబరులో బెట్సీ తుపాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచడంతో విషయం మళ్లీ పైకి వచ్చింది. గిల్బర్ట్ వైట్ అధ్యక్షతన పనిచేసిన బృందం 1966లో నివేదిక సమర్పించింది. బీమా జాగ్రత్తగా అమలు కాకపోతే అది ముంపు నేలలో కొత్త నిర్మాణాలను ప్రోత్సహించే ప్రమాదం ఉందని ఆ నివేదిక ముందే హెచ్చరించింది. రెండేళ్లకు చట్టం వచ్చింది.

చట్టం వెనుక ఉన్నది ఒక ఒప్పందం. స్థానిక ప్రభుత్వం, అంటే పట్టణం గాని కౌంటీ గాని, తన ముంపు ప్రాంతంలో కొత్త నిర్మాణాలను నియంత్రిస్తే, అక్కడి ప్రజలకు ఫెడరల్ ప్రభుత్వం బీమా అందిస్తుంది. పటం గీయక ముందే కట్టిన పాత ఇళ్లకు ప్రీమియంలో రాయితీ ఉంటుంది. పాత ఇళ్లు కాలక్రమంలో కూలిపోతాయనీ, రాయితీ దానంతటదే తరిగిపోతుందనీ శాసనకర్తలు భావించారు. పాత ఇళ్లు కూలిపోలేదు. మునిగిన ప్రతిసారీ పరిహారంతో మరమ్మతు పొంది అక్కడే నిలిచాయి.

చట్టం ఉన్నా చేరేవారు లేరు. 1972 జూన్‌లో ఆగ్నెస్ తుపాను పెన్సిల్వేనియాను ముంచినప్పుడు పాలసీలు కలిగినవారు అత్యల్పం. దానితో 1973 డిసెంబరు 31న వచ్చిన సవరణ చట్టం ఒప్పందాన్ని నిర్బంధంగా మార్చింది. ముంపు ప్రాంతంలోని ఇంటికి ఫెడరల్ నియంత్రణలోని బ్యాంకు రుణం ఇవ్వాలంటే వరద బీమా తప్పనిసరి అయింది. పథకంలో చేరని కౌంటీకి ముంపు ప్రాంతంలో కొన్ని రకాల ఫెడరల్ సహాయం నిలిచిపోయింది. గ్రామీణ కౌంటీలలో దీనికి ప్రతిఘటన వచ్చింది. నా పొలంలో నేను కొట్టం కట్టుకోవడానికి వాషింగ్టన్ అనుమతి ఎందుకన్నది అక్కడి రైతు ప్రశ్న. టెక్సాస్ భూయజమానుల సంఘం వేసిన దావాలో 1978లో ఫెడరల్ న్యాయస్థానం చట్టాన్నే సమర్థించింది. చేరడం స్వచ్ఛందమేనని ప్రభుత్వం చేసిన వాదన నెగ్గింది. బ్యాంకు రుణం, ప్రభుత్వ సహాయం రెండూ ఆగిపోయే చోట స్వచ్ఛందం అనే మాటకు ఎంత అర్థం మిగులుతుందన్నది వేరే విషయం.

అదే ఏడాది, 1978లో, హోవార్డ్ కున్రూథర్ తన సహచరులతో కలిసి ప్రచురించిన అధ్యయనం మరొక కోణాన్ని బయటపెట్టింది. వరద ప్రాంతాల గృహస్థులను ప్రశ్నించగా, రాయితీ ధరకు దొరుకుతున్నా అనేకులు బీమా కొనడం లేదని తేలింది. నష్టం పెద్దదే అయినా, అది జరిగే అవకాశం తక్కువని అనిపించినప్పుడు మనిషి దానిని లెక్కలోంచి పూర్తిగా తీసివేస్తాడు. ఇది అజ్ఞానం కాదు. ట్రాక్టరు వాయిదా, విత్తనాల ఖర్చు, పిల్లల చదువు ఎదురుగా ఉన్న కుటుంబం ఎప్పుడో రాబోయే వరదకు ఏటా డబ్బు కట్టడాన్ని వాయిదా వేయడం సహజమే.

4. నూరేళ్ల వరద అనే మాట

ఈ పథకమంతా ఒక కొలత మీద నిలిచి ఉంది. ఏ సంవత్సరంలోనైనా రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉన్న వరదను ప్రమాణంగా తీసుకొని, ఆ వరద ఆక్రమించే మేర పటం మీద గీత గీస్తారు. వ్యవహారంలో దానికి నూరేళ్ల వరద అని పేరు. ఆ పేరు కలిగించిన అపార్థం అంతాఇంతా కాదు. నూరేళ్లకు ఒకసారి వచ్చేదనీ, నిరుడు వచ్చింది కాబట్టి ఇక తొంభైతొమ్మిదేళ్లు నిశ్చింతగా ఉండవచ్చుననీ సామాన్యుడు అనుకుంటాడు. లెక్క వేరు. ముప్పై ఏళ్ల గృహరుణం తీర్చే కాలంలో ఆ వరద ఒక్కసారైనా రావడానికి నూటికి 26 వంతుల అవకాశం ఉంది. నాలుగింట ఒక వంతు అని చెబితే రైతుకు అర్థమయ్యే విషయం, నూరేళ్లు అనేసరికి మనుమల కాలానికి జరిగిపోతుంది.

తెలుగు ప్రాంతంలో వరదను కొలిచే వాడుక భాష దీనికి భిన్నమైనది. భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు అన్న అంకెలు నదీతీర ప్రజల నోటికి వస్తాయి. ఇవి నీరు ఇప్పుడు ఎక్కడుందో చెబుతాయి, జనం ఎప్పుడు కదలాలో చెబుతాయి. ఇల్లు ఎక్కడ కట్టుకోవాలో, బీమా ఎంత కట్టాలో చెప్పవు. అమెరికా పటం దీనికి తలకిందులు. అది స్థలానికి శాశ్వతమైన గుర్తు వేస్తుంది. ఏ, ఏఈ అక్షరాలున్న మండలాలు ముంపు కిందికి, ఎక్స్ అక్షరం ఉన్నది దాని వెలుపలికి వస్తాయి. గీత పక్కన ఇటు ఉన్న ఇంటికి నిర్బంధ బీమా, అటు ఉన్న ఇంటికి ఏమీ లేదు. నీరు మాత్రం ఆ గీతను చదవదు. పోలవరం ముంపు గ్రామాల విషయంలో 41.15 మీటర్ల కాంటూరు గీత పరిహార క్రమాన్ని నిర్ణయించినప్పుడు, 2022 వరదలో గీతకు పైనున్నాయన్న ఊళ్లూ మునిగాయని నిర్వాసితులు చేసిన ఫిర్యాదు ఈ చర్చకు దూరమైనది కాదు. సందర్భం వేరైనా, గీత ఎవరి కొలతతో గీయబడిందన్న ప్రశ్న ఒక్కటే.

గ్రామీణ కౌంటీకి ఈ పటంతో మరొక చిక్కు ఉంది. వివరమైన జలశాస్త్ర అధ్యయనానికి ఖర్చెక్కువ. జనసాంద్రత ఉన్న నగరాలకు ఆ ఖర్చు పెట్టిన ప్రభుత్వం, పల్లె ప్రాంతాలలో అనేకచోట్ల స్థూలమైన అంచనాతో ఉత్త ఏ మండలమని రాసి ఊరుకుంది. అంటే, అక్కడ ముంపు ఉందని పటం చెబుతుంది గాని, నీరు ఎన్ని అడుగులకు వస్తుందో చెప్పదు. తన ఇల్లు మెరక మీద ఉందని నిరూపించుకోవాలంటే యజమాని సొంత ఖర్చుతో సర్వేయరును పిలిపించి ఎత్తును ధ్రువీకరించుకోవాలి. అదీగాక నిర్బంధం రుణంతో ముడిపడి ఉంది. తాతల నాటి ఇల్లు, అప్పు తీరిపోయిన ఇల్లు, మొబైల్ హోమ్ వంటి వాటి మీద రుణం లేదు, కనుక నిర్బంధమూ లేదు. పల్లెల్లో ఇటువంటి ఇళ్లే ఎక్కువ. ఆస్తి అంతా ఆ ఒక్క ఇంట్లోనే ఉన్న వృద్ధ దంపతులు బీమా లేకుండా మిగిలిపోవడం ఈ నిర్మాణంలోనే ఇమిడి ఉన్న ఫలితం.

5. 1993

1993 వరదను ఆకస్మికమని చెప్పడానికి లేదు. వసంతం నుంచే మధ్యపశ్చిమ రాష్ట్రాలలో వాన విడవకుండా కురిసింది. ఎగువన అయోవాలో జూలైలో డి మోయిన్ నగరానికి తాగునీరే నిలిచిపోయింది. మిసిసిపి, మిస్సోరి నదులు రెండూ నిండి సెయింట్ లూయిస్‌కు కొద్ది ఎగువన కలిశాయి. నగరం వద్ద ప్రమాద స్థాయి 30 అడుగులు. నది దానికి పైన రెండు నెలలకు మించి నిలిచింది. పరిమాణం చూస్తే గోదావరి తీరవాసులకు ఆశ్చర్యం కలుగుతుంది. సెయింట్ లూయిస్ వద్ద గరిష్ఠ ప్రవాహం సుమారు 10.8 లక్షల క్యూసెక్కులు. 1986లో ధవళేశ్వరం వద్ద గోదావరి మోసినది సుమారు 35 లక్షలు. గోదావరి రోజుల్లో వచ్చి రోజుల్లో పోతుంది. మిసిసిపి నెలల తరబడి నిలిచి గట్టును నానబెట్టింది. మట్టిగట్టుకు ఎత్తైన నీటి కన్నా నిలిచిన నీరే పెద్ద శత్రువు.

నది మెల్లగా పైకి రావడం బీమాకు ఒక విచిత్ర పరిస్థితిని తెచ్చిపెట్టింది. ఆనాటి నియమం ప్రకారం పాలసీ కొన్న అయిదు రోజులకే అది అమలులోకి వచ్చేది. వరద శిఖరం ఎగువ నుంచి దిగువకు చేరడానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. టెలివిజన్‌లో ఎగువ పట్టణాలు మునగడం చూసి దిగువవారు పాలసీలు కొన్నారు. చట్టరీత్యా అందులో తప్పేమీ లేదు. ఇల్లు అంటుకున్నాక అగ్నిబీమా కొనడం లాంటిదే ఇదని విమర్శకులు అన్నారు. ఇలా కొన్నవారిని కలుపుకున్నా, మునిగిన ప్రాంతాలలో అధిక సంఖ్యాకులకు పాలసీ లేదు. మొత్తం నష్టం 1,500 నుంచి 2,000 కోట్ల డాలర్ల మధ్య ఉంటుందని అంచనా. అందులో బీమా పరిహారం స్వల్పభాగమే.

ఆగస్టు 1న కొలంబియా దగ్గర గండి పడ్డాక నీరు గట్టుకూ కొండచరియకూ మధ్య ఉన్న పల్లమంతా నింపుతూ దక్షిణానికి సాగింది. మొత్తం 47,000 ఎకరాల నేల మునిగింది. వాల్‌మేయర్ ప్రజలు అప్పటికే ఊరు ఖాళీ చేశారు. నీరు ఊరిని చేరినప్పుడు అది నదివైపు నుంచి రాలేదు, వెనుకనుంచి వచ్చింది. తమ గట్టుకు వారాల తరబడి ఇసుక బస్తాలు మోసినవారి ఊరు మరొకరి గట్టు తెగి మునిగింది. గట్ల వరుసలో అన్నిటికన్నా బలహీనమైన అడుగే అందరి బలాన్ని నిర్ణయిస్తుంది.

ఈ నీరు ఇంకా దిగువన రాండాల్ఫ్ కౌంటీలోని ప్రెయిరీ దు రోషర్ గ్రామాన్ని చేరబోయింది. ఫ్రెంచివారి కాలం నాటి ఆ ఊరిని కాపాడేందుకు అధికారులు చేసిన పని గమనార్హం. గట్ల లోపల చిక్కిన నీరు నది మట్టాన్ని మించి లేవకుండా, నదివైపు గట్టుకు వారే గండి కొట్టి నీటిని తిరిగి నదిలోకి వదిలారు. ఊరు దక్కింది. నదిని బయట ఉంచడానికి కట్టిన గోడను, లోపల చేరిన నదిని బయటికి పంపడానికి పగలగొట్టవలసి వచ్చింది. వాల్‌మేయర్‌కు అటువంటి అవకాశం లేదు. నీరు వారాల తరబడి నిలిచింది. తీసిందనుకున్నాక సెప్టెంబరులో రెండవసారి వచ్చింది.

6. మెరక మీది ఊరు

నీరు తీసిన తరువాత వచ్చినది రెండవ విపత్తు, నియమావళి రూపంలో. వరద బీమా పథకంలో చేరిన ఊరు ఒక నిబంధనకు కట్టుబడి ఉంటుంది. మరమ్మతు ఖర్చు ఇంటి మార్కెట్ విలువలో సగానికి చేరితే, ఆ ఇంటిని కొత్త ఇంటిగానే పరిగణించి, నూరేళ్ల వరద మట్టానికి ఎత్తాలి. వాల్‌మేయర్‌లో తొంభై శాతానికి పైగా కట్టడాలు ఈ కోవలోకి వచ్చాయి. ఇల్లు పాతది, విలువ తక్కువ. విలువ తక్కువైన కొద్దీ సగం గీత త్వరగా వస్తుంది. లక్ష డాలర్ల ఇంటికి ముప్పై వేల నష్టం మరమ్మతే. నలభై వేల ఇంటికి అదే ముప్పై వేలు పునర్నిర్మాణం. పేద ఇంటి మీద నిబంధన బరువు ఎక్కువగా పడటం ఎవరి దురుద్దేశమూ కాదు, అంకగణితం. ఊరంతటినీ దిమ్మెల మీదికి ఎత్తడం సాధ్యం కాదు. ఎత్తకుండా పాతచోటనే కట్టుకోవడం చట్టం ఒప్పదు. మిగిలినవి రెండే దారులు. ఎవరి దారిన వారు చెదిరిపోవడం లేదా కలిసి తరలిపోవడం.

గ్రామ మేయర్ డెన్నిస్ నోబ్లాక్ నాయకత్వంలో సభలు జరిగాయి. 1993 శరదృతువులో మెజారిటీ ప్రజలు తరలింపునే కోరుకున్నారు. సుమారు రెండు మైళ్ల దూరంలో, నదికి 400 అడుగుల ఎత్తున, కొండచరియ మీద 500 ఎకరాల నేలను గ్రామం సేకరించింది. పనిని పంచుకోవడానికి గ్రామస్థులే కమిటీలుగా ఏర్పడ్డారు. వీధుల ప్రణాళిక, నీటి సరఫరా, పాఠశాల, చర్చిలు, ఎవరి ఇంటి పక్కన ఎవరుండాలన్న విషయం, అన్నీ చర్చకు వచ్చాయి. 1993 డిసెంబరులో కాంగ్రెస్ చేసిన చట్టం వీరికి కలిసివచ్చింది. ముంపు ఇళ్లను కొని తొలగించే పనికి ఫెడరల్ వాటాను అది 75 శాతానికి పెంచింది. మధ్యపశ్చిమ రాష్ట్రాలన్నిటిలో కలిపి పదివేలకు పైగా ఆస్తులను ఈ విధంగా కొనుగోలు చేశారు. వాల్‌మేయర్ తరలింపుకు ఫెడరల్, రాష్ట్ర ప్రభుత్వాలు కలిపి సుమారు మూడున్నర కోట్ల డాలర్లు వెచ్చించాయి. 1995 నాటికి కొత్త ఊరిలో కుటుంబాలు కాపురం పెట్టాయి.

విజయగాథగా చెప్పేవారు ఇక్కడ ఆగుతారు. జనాభా లెక్కలు మరికొంత చెబుతాయి. 1990లో 897 మంది, 2000లో 608 మంది, 2010లో 1,263 మంది. మొదటి రెండు అంకెల మధ్య తేడా నీరు తెచ్చినది మాత్రమే కాదు, నిరీక్షణ తెచ్చినది. రెండేళ్లు తాత్కాలిక ట్రెయిలర్లలో ఉండలేనివారు, పాత ఇంటికి వచ్చిన పరిహారంతో కొత్త ఇల్లు కట్టుకోలేనివారు, వయసు మీరాక మళ్లీ అప్పు చేయడానికి ఇష్టపడనివారు వేరే ఊళ్లకు వెళ్లిపోయారు. రెండవ, మూడవ అంకెల మధ్య పెరుగుదల సెయింట్ లూయిస్ నగరానికి ఉద్యోగాలకు వెళ్లే కొత్త కుటుంబాల వల్ల వచ్చింది. ఊరి పేరు కొనసాగింది, ఊరు కొంత మారింది. తరలిపోవడానికి అంగీకరించని కొద్ది కుటుంబాలు కింద పాత ఊళ్లోనే నిలిచాయి. మునిగిన ఊరు, తరలిన ఊరు, మిగిలిన ఊరు అని మూడు వాల్‌మేయర్లను వేరుచేసి చదివితే తప్ప ఈ చరిత్ర పూర్తిగా అర్థం కాదు.

7. గీతను సవరించిన చట్టాలు

1994లో రెండు పరిణామాలు జరిగాయి. బ్రిగేడియర్ జనరల్ జెరాల్డ్ గాలోవే నాయకత్వంలోని సమీక్షా సంఘం, గట్ల మీద మాత్రమే ఆధారపడకుండా ముంపు నేలను ముంపు నేలగానే చూడాలని నివేదించింది. అదే ఏడాది వచ్చిన సంస్కరణ చట్టం పాలసీ నిరీక్షణ కాలాన్ని అయిదు రోజుల నుంచి ముప్పై రోజులకు పెంచింది. ఇంటి నిర్మాణానికి గరిష్ఠ బీమా 2,50,000 డాలర్లుగా, ఇంట్లోని సామగ్రికి 1,00,000 డాలర్లుగా నిర్ణయమైంది. ఆ పరిమితులు తరువాతి దశాబ్దాలలోనూ అలాగే కొనసాగాయి. చట్టం దారిలో పడింది గాని, గాలోవే సిఫారసులలో అధికభాగం అమలుకు నోచుకోలేదు.

అమలు కాకపోవడం వల్ల ఏమైందో సెయింట్ లూయిస్ శివార్లు చూపుతాయి. నగరానికి పశ్చిమాన మిస్సోరి నది పక్కనున్న చెస్టర్‌ఫీల్డ్ లోయ కూడా 1993లో గట్టు తెగి మునిగింది. అక్కడ ఊరు కొండెక్కలేదు. గట్టును మరింత ఎత్తుగా, మరింత బలంగా కట్టి, వెనుక పెద్ద వాణిజ్య సముదాయాలు లేపారు. గట్టుకు ధ్రువీకరణ లభిస్తే పటం మీద గీత వెనక్కి జరుగుతుంది, నిర్బంధ బీమా తొలగుతుంది. భూగర్భ శాస్త్రవేత్త నికొలస్ పింటర్ 2005లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, 1993లో నీట మునిగిన నేల మీద ఆ తరువాత సెయింట్ లూయిస్ ప్రాంతంలో 28,000 కొత్త ఇళ్లు వెలిశాయి. పన్నుల ఆదాయం ఉన్న శివారు పట్టణం గీతను జరపగలిగింది. తొమ్మిది వందల మంది ఉన్న పల్లె తానే జరిగింది. ఒకే వరద, ఒకే చట్టం, ఒకే పథకం ఈ రెండు ఫలితాలను ఇచ్చాయి.

2005లో కత్రినా తుపాను పథకాన్ని అప్పులపాలు చేసింది. 2012లో కాంగ్రెస్ రాయితీలు ఎత్తివేసే చట్టం చేసి, ప్రజాగ్రహానికి జడిసి 2014లో దానిని చాలావరకు వెనక్కి తీసుకుంది. 2017లో 1,600 కోట్ల డాలర్ల అప్పును రద్దుచేసినా ఇంకా 2,000 కోట్లకు పైగా మిగిలింది. ఆ ఏడాదే హార్వీ తుపాను హ్యూస్టన్‌ను ముంచింది. గీతకు వెలుపల ఉన్నాం కాబట్టి బీమా అక్కరలేదనుకున్న ఇళ్లు అక్కడ వేల సంఖ్యలో మునిగాయి. అమెరికాలో ఇల్లు కొంటున్న తెలుగు కుటుంబాలలో ఫ్లడ్ జోన్ అనే మాట వాడుకలోకి రావడానికి ఇటువంటి అనుభవాలూ తోడ్పడ్డాయి.

2021 అక్టోబరులో మొదలైన కొత్త రేటింగ్ విధానం ప్రతి ఇంటికీ విడిగా ముప్పును లెక్కించి ప్రీమియం నిర్ణయిస్తుంది. నదికి దూరం, నేల ఎత్తు, ఇంటిని తిరిగి కట్టడానికయ్యే ఖర్చు పరిగణనలోకి వస్తాయి. ధర విషయంలో గీతకు ప్రాధాన్యం తగ్గింది. బీమా తప్పనిసరా కాదా అన్న విషయంలో మాత్రం ఆ గీతే నిలిచింది. దీని ఫలితం గ్రామీణ కౌంటీలలో మిశ్రమంగా ఉంది. మెరక మీది ఇంటికి ధర తగ్గవచ్చు. వాగు పక్కన తరతరాలుగా ఉన్న తక్కువ ఆదాయపు ఇంటికి ఏడాదికి 18 శాతం పరిమితికి లోబడి ధర పెరుగుతూ పోవచ్చు. సరైన ధర కట్టడం, కట్టగలిగే ధర ఉండటం ఒకటి కావు. 2022 జూలైలో తూర్పు కెంటకీ కొండ కౌంటీలలో, 2024 సెప్టెంబరులో పశ్చిమ నార్త్ కరోలినాలో వరదలు వచ్చినప్పుడు బీమా ఉన్న ఇళ్లు మళ్లీ బహుస్వల్పంగానే తేలాయి.

వాల్‌మేయర్ పాత ఊళ్లో కొన్న ఇళ్లను కూల్చివేశారు. ఫెడరల్ నిధులతో కొన్న స్థలం శాశ్వతంగా ఖాళీగా ఉండాలన్నది షరతు. వీధులు ఉన్నాయి, వాటి పక్కన ఇళ్లు లేవు. చుట్టూ పొలాలలో మొక్కజొన్న, సోయా పండుతూనే ఉన్నాయి. మరమ్మతు చేసిన గట్టు వాటికి కాపు. పైన కొత్త ఊరి దగ్గర కొండచరియలో పాత సున్నపురాతి గని గుహలున్నాయి. ఫెడరల్ ప్రభుత్వం తన ఉద్యోగుల పాత దస్తావేజులను భద్రపరచడానికి ఆ గుహలను ఎంచుకుంది.